సారె మీద సుంకం

నేను రాసిన ఉత్తరాలు మూడు. స్వయంగా వెళ్ళి నిలబడ్డది నాలుగుసార్లు. చేసిన ఫోన్లకి లెక్క లేదు. ఇప్పటిదాకా ఒక్కరూ నాకు జవాబు చెప్పలేదు. మొదటి ఉత్తరం మీద ముద్ర కొట్టి నంబరు ఇచ్చారు. రెండోదానికి ఆ నంబరు కూడా లేదు. మూడోది విశాఖపట్నంలో కస్టమ్స్ కౌంటరు దగ్గర ఇస్తే, తీసుకున్న మనిషి దాన్ని టీ గ్లాసు కింద పెట్టాడు. నేను చూశాను. నేను చూశానని ఆయనా చూశాడు. అయినా గ్లాసు తీయలేదు.

ఇలాంటివి నేను మరిచిపోను. మా ఇంట్లో దీన్ని జబ్బంటారు. నా పెళ్ళి భోజనాల్లో వరస మొత్తానికీ పెరుగు వేసి, నా విస్తరి దగ్గర మాత్రం ఆగకుండా వెళ్ళిపోయిన మనిషి ఎవరో ఇరవై ఆరేళ్ళ తర్వాత కూడా నాకు గుర్తే. ఆయన మా ఆవిడకి అన్న, నాకు బావ. ఈ సంగతంతా ఆయన దగ్గర మొదలై ఆయన దగ్గరే ఆగిపోయింది. అందుకే ముందే చెబుతున్నాను.

మాది శ్రీకాకుళం జిల్లాలో సముద్రపు ఒడ్డు. మా నాన్న వేటకి వెళ్ళేవాడు. నేను వెళ్ళలేదు. పడవలు వచ్చే వేళకి ఒడ్డున నిలబడి వేలంపాటలో చేపలు కొని, ఐసు వేసి, హైవే మీదకి పంపడం నా పని. ఐసు నరసన్నపేట నుంచి దిమ్మలుగా వచ్చేది. దారిలోనే కొంత కరిగిపోయేది. మిగిలిన దిమ్మని గునపంతో పగలగొడితే ఆ ముక్కల అంచులు వంజరం చర్మాన్ని గీసేసేవి. గీత పడ్డ చేపని కొనేవాడు వేలితో తడిమి చూసి ధర తగ్గిస్తాడు. పల్చగా, గుడ్డు పెంకుల్లా ఐసు తీసే మిషను ఒకటి ఉంటుందని తెలిసిన దగ్గర్నుంచి అది నాకు కావాలి.

మా బావ సింగపూరులో ఉంటాడు. కంటైనర్లలో సరుకు సర్ది పంపే ఒక కంపెనీలో సూపర్‌వైజరు. పద్నాలుగేళ్ళుగా అదే ఉద్యోగం. మిషను అమ్మేవాణ్ణి అక్కడ చూసిపెట్టింది ఆయనే.

అమ్మేవాడు రెండు ధరలు పంపాడు. మొదటిది సీఐఎఫ్. అంటే మిషను ధర, దారిలో ఇన్సూరెన్సు, విశాఖపట్నం రేవు దాకా ఓడ కిరాయి, అన్నీ అందులోనే. మన డబ్బులో పది లక్షల అరవై వేలు. రెండోది ఎఫ్‌ఓబీ. సింగపూరులో ఓడ ఎక్కించేదాకానే వాడి పూచీ, ఎక్కిన తర్వాత కిరాయి, కష్టనష్టాలు మనవి. అది పది లక్షలు. ఈ అక్షరాలు అర్థం కావడానికి పట్నంలో క్లాసులకి వెళతారట. నాకు నిమిషం కూడా పట్టలేదు. మా ఒడ్డున బేరం పుట్టిందే అలా. పడవ ఇసక తగిలేదాకా చేప పడవవాడిది. పాట ముగిసి గంపలో పడ్డాక నాది. ఆ తర్వాత లారీ, ఐసు, దారిలో మెత్తబడిపోవడం, అన్నీ నా నెత్తినే.

దాంతోపాటు మాకు ఇంకో పద్ధతి ఉంది. బంధువుల లారీ విశాఖపట్నం వెళుతుంటే అందులో నా గంపలు రెండు పడేస్తాను. వాళ్ళు కిరాయి అడగరు. అడగడం తప్పు. నేను ఇవ్వబోయినా తప్పే. కూరకని రెండు చేపలు ముందు సీట్లో పెడతాం, అంతటితో సరి. బావ గంపకి బావ కిరాయి పుచ్చుకున్నాడనే మాట మా ఒడ్డున పుట్టిందంటే ఏడాదంతా తిరుగుతుంది.

ఫోన్ చేసి అడిగాను.

"ఓడ కిరాయి ఏమాత్రం అవుతాది బావా?"

"కిరాయేటి? మా కంటైనరు ఎలాగూ వైజాగు వస్తాది. ఓ మూల ఎట్టేస్తాను. మనలో మనకి గంప కిరాయి ఎప్పుడున్నాది?"

"మీ కంపెనీవోళ్ళు ఊరుకుంతారేటి?"

"ఊరుకోక? పద్నాలుగేళ్ళబట్టి సేస్తన్నాను. నువ్వు డబ్బు కట్టేసి పడుకో."

అరవై వేలు మిగిలాయనుకుని ఎఫ్‌ఓబీకి ఒప్పుకున్నాను. ఇన్సూరెన్సు చేయిస్తారా అని అమ్మేవాడు అడిగితే వద్దన్నాను. ప్రాణాలతో వేటకి పోయే మా పడవలకే ఇన్సూరెన్సు లేదు, చెక్కపెట్టెలో మిషనుకి దేనికి? మా ఊరి నుంచి సింగపూరు వెళుతున్న ఒకతని చేత బావకి రెండు కిలోల ఎండు నెత్తళ్ళు పంపాను. లెక్క సరిపోయిందని నా నమ్మకం.

సరుకు విడిపించడానికి విశాఖపట్నంలో ఒక ఏజెంటుని పెట్టుకున్నాను. నాకంటే పదేళ్ళు చిన్నవాడు. అన్నయ్యా అని పిలుస్తాడు గాని కుర్చీ వెయ్యడు. మొదటిరోజు నలభై నిమిషాలు నీళ్ళ క్యాను పక్కన నిలబడ్డాను. అదే సమయానికి రాజాం నుంచి ఒక బియ్యం మిల్లు యజమాని వచ్చాడు. రాళ్ళు, నల్లగింజలు వేరుచేసే మిషను తెప్పించుకుంటున్నాడట. ఆయనకి కుర్చీ వచ్చింది, టీ వచ్చింది, రెండు సంతకాలు పెట్టి లేచాడు.

"మీది ఏ ధర?" అని అడిగాను.

"సీఐఎఫ్ అండి. అన్నీ కలిపేసి. మనకెందుకొచ్చిన గొడవ?"

"కలిపి కొంటే ఎక్కువ పడుతుంది కదా."

"పడనివ్వండి. కాయితం ఒక్కటే ఉంటాది" అని వెళ్ళిపోయాడు. బుర్ర తక్కువ మనిషి అనుకున్నాను. ఆ మాట ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నాను.

మూడో రోజు ఏజెంటు పిలిపించి, కంప్యూటరులో వచ్చిన ప్రశ్న చదివి తెలుగులో చెప్పాడు. ఇన్‌వాయిసు ఎఫ్‌ఓబీ అని ఉంది. ఓడ కంపెనీ ఇచ్చిన రసీదు మీద కిరాయి ముందే చెల్లించారని ఉంది. ఎవరు చెల్లించారు? ఎంత? ఆధారం చూపండి.

"ఈ ఆఫీసరు ఏ గదిలో ఉంటాడు?" అన్నాను లేస్తూ.

"గది ఎక్కడిదన్నయ్యా? ఇప్పుడు ఏ రేవు సరుకుని ఏ ఊళ్ళో ఆఫీసరు చూస్తాడో ఎవరికీ తెలీదు. పేరుండదు, ముఖం కనపడదు. ఆయన కంప్యూటరులో అడుగుతాడు, మనం కంప్యూటరులో చెప్పాలి."

నా యాభై రెండేళ్ళలో నాతో పేచీపడ్డ ప్రతి మనిషి ముఖమూ నేను చూశాను. వాళ్ళ చొక్కా రంగు కూడా చెప్పగలను. ముఖమే లేనివాడితో ఎలా పోట్లాడాలి? మళ్ళీ క్యాను పక్కకి వెళ్ళి నిలబడ్డాను.

"కిరాయి లేదని రాసెయ్. మా బావ ఊరికే పెట్టాడు."

"ఊరికే అంటే కుదరదన్నయ్యా. మీరు ఎఫ్‌ఓబీలో కొన్నా, ఎందులో కొన్నా, మన దేశంలో సుంకం లెక్క సీఐఎఫ్ మీదే. సరుకు ధరకి కిరాయి, ఇన్సూరెన్సు కలిపి ఆ మొత్తం మీద వేస్తారు. సీఐఎఫ్‌లో కొన్నవాడికి అన్నీ ముందే కలిసి ఉంటాయి. మీలా ఓడ ఎక్కేదాకా కొన్నవాళ్ళు కిరాయి ఎంతైందో కాగితంతో చూపాలి. వాళ్ళు కలుపుతారు."

"లేనిదాన్ని ఏటని కలుపుతారు?"

"చూపకపోతే చట్టమే కలుపుకుంటుంది. సరుకు ధరలో నూటికి ఇరవై."

వేళాకోళం అనుకున్నాను. అతని ముఖం చూస్తే కాదు.

"ఇంతకీ మీ బావగారికి ఏమీ ముట్టజెప్పలేదా?"

"రెండు కేజీలు ఎండు నెత్తళ్ళు."

"అవి రాయమంటారా?"

పక్క బల్ల దగ్గర పనిచేసుకుంటున్న ఆవిడ నవ్వింది. ఆ నవ్వు కూడా నా లెక్కలో ఉంది.

తర్వాత ఏజెంటు కొంచెం మెత్తబడి, మీ బావగారి కంపెనీ నుంచి కిరాయి బిల్లు తెప్పించండి, ఎంత తక్కువున్నా పరవాలేదు, నిజమైనదైతే చాలు, యాభై వేలుంటే యాభై వేలే కలుపుతారు అన్నాడు. అక్కడి నుంచే ఫోన్ కలిపాను.

"బావా, ఓడ కిరాయి బిల్లు ఒకటి పంపు. ఇక్కడ కస్టమ్సోళ్ళు అడుగుతన్నారు."

"ఏటి బిల్లు?"

"అదే, కిరాయి ఎంతైందో రాసింది."

"నా సెల్లికి నానెట్టిన సారెకి బిల్లు ఏస్తానేటి బావా? మీ ఒడ్డున సారె కావిడి దించి కిరాయి సీటీ సేతిలో ఎడతారేటి?"

"సారె కాదు బావా, ఐసు మిషను."

"మిషను నువ్వు కొన్నావు. తెచ్చినోడ్ని నాను. ఆ తేవడం సారె. అయినా కిరాయే లేందే బిల్లెక్కడ్నుంచి తెస్తాను?"

ఫోన్ పెట్టేశాడు. నిజం చెప్పాలంటే ఆ మాట నాకు సబబుగానే తోచింది. పుట్టింటివాళ్ళు తెచ్చిన అరిసెల బుట్టకి ఎవరైనా రవాణా ఖర్చు అడుగుతారా? ఇదే మాట నేనూ అనేవాణ్ణి. అందుకే తెల్లకాగితం అడిగి నా చేత్తో రాశాను. "ఈ మిషనును నా భార్య అన్నగారు బంధుత్వం కొద్దీ తెచ్చిపెట్టినారు. ఇందుకు కిరాయి ఎవరూ ఎవరికీ చెల్లించలేదు." సంతకం చేసి తారీఖు వేశాను.

ఏజెంటు చదివి తల గోక్కున్నాడు. "ఇది పెడితే ఇంక ఇరవై ఖాయం అన్నయ్యా."

"పెట్టు. నిజం రాశాను. నిజం మీద ఇరవై ఎలా ఏస్తారో సూస్తాను."

వేశారు.

ఆ లెక్క కాగితం ఇప్పటికీ నా చొక్కా జేబులో ఉంది, మడతల దగ్గర చిరుగుతోంది. మిషను పది లక్షలు. కిరాయి తెలియదు కనుక రెండు లక్షలు. ఇన్సూరెన్సు తెలియదు కనుక నూటికి రూపాయి పన్నెండున్నర పైసల చొప్పున పదకొండు వేల రెండువందల యాభై. మొత్తం పన్నెండు లక్షల పదకొండు వేల రెండువందల యాభై. దాని మీద సుంకం. ఆ సుంకాన్ని కూడా కలుపుకుని దాని మీద జీఎస్టీ. నేను కొనని ఇన్సూరెన్సుకి, నేను కట్టని కిరాయికి పన్ను, ఆ పన్ను మీద పన్ను. అరవై వేలు మిగుల్చుకున్నాననుకుంటే, రెండు లక్షల కిరాయి కట్టినవాడి కింద నన్ను జమకట్టారు. ఆ రాజాం ఆయనలా కలిపి కొని ఉంటే పది లక్షల అరవై వేల మీద లెక్క తేలిపోయేది.

బస్సులో శ్రీకాకుళం వచ్చేదాకా ఆ కాగితాన్నే చూస్తూ కూర్చున్నాను. టికెట్ అడిగిన కండక్టరు రెండుసార్లు పిలవాల్సి వచ్చిందట.

డబ్బు అప్పుచేసి కట్టాను. మిషను వచ్చింది. బిగించారు. మొదటి ఐసు జారి పడ్డప్పుడు చుట్టూ నిలబడ్డ వేటగాళ్ళు దోసిళ్ళు పట్టారు. చందువా చేప మీద వేస్తే గీత కూడా పడలేదు. అందరూ బాగుందన్నారు. నేను లోపలికి వెళ్ళి మొదటి ఉత్తరం మొదలుపెట్టాను.

ఆ మూడు ఉత్తరాల సంగతి పైన చెప్పాను. కౌంటరు దగ్గర మనిషి ప్రతిసారీ ఒకటే మాట. ఆ లెక్క మేము వేసింది కాదు. మరి వేసినవాళ్ళు ఎక్కడ? మాకు తెలియదు. మరి ఈ కౌంటరు దేనికి? నా వెనకున్నవాణ్ణి ముందుకి రమ్మంటాడు.

నాలుగో ఉత్తరం రాస్తున్న రోజు మా ఆవిడ షెడ్డు గడపలో కూర్చుని నెత్తళ్ళు చెరుగుతోంది. రాసింది ఆమెకి చదివి వినిపించడం నాకు అలవాటు. ఆమెకి చదువు రాదు గాని ఏ మాట ఎదుటివాడికి గుచ్చుకుంటుందో బాగా తెలుసు. "నేను కట్టని, ఎవరూ కట్టని కిరాయి మీద" అనే దగ్గరికి వచ్చాను.

"ఆ మాట కొట్టెయ్" అంది.

"ఏ మాట?"

"ఎవరూ కట్టనిది అన్నావు సూడు. అది."

"ఏం, తప్పేటున్నాది అందులో?"

చేట కింద పెట్టింది.

"మా వదిన సెప్పింది. కంపెనీవోళ్ళు ఊరుకోలేదంట. ఓ మూల ఎట్టినా సరుకు సరుకే, కిరాయి కట్టాల్సిందేనన్నారంట. మూడు నెల్లు అన్న జీతంలో కోసుకున్నారు. నీకు సెప్పొద్దని నా సేత ఒట్టేయించింది."

నా చేతిలో కలం ఎక్కడ పడిందో నాకు తెలియదు. తర్వాత ఐసులో దొరికింది.

"ఎంత కోశారు?"

"అది సెప్పలేదు."

"కాయితం ఉంటాదా?"

"కాయితం లేకుండా జీతం కోస్తారేటి ఎవులైనా?"

లేచి వెళ్ళి ఓడ రసీదు తీశాను. నెల పైగా నా దగ్గరే ఉంది. ఆ ఇంగ్లీషు ముక్కలు రెండూ ఏజెంటు చదివినప్పుడు విన్నాను, నేనూ కూడబలుక్కుని చదివాను. కిరాయి ముందే చెల్లించారు. ఓడ కంపెనీ రసీదు మీద ఊరికే అచ్చయి ఉండే మాట అనుకున్నాను. ఏ ఊళ్ళోనో కూర్చున్న ఆ ముఖం లేని ఆఫీసరు ఒక్క చూపులో పట్టుకున్నది, బావని ఇరవై ఆరేళ్ళుగా ఎరిగిన నాకు అందలేదు. ఎవరు చెల్లించారని ఆయన సూటిగా అడిగాడు. ఎవరూ చెల్లించలేదని నేను సంతకం పెట్టి ఇచ్చాను. నిజం రాశానని ఏజెంటు ముందు రొమ్ము విరుచుకున్నాను కూడా.

"ఇన్నాళ్ళు ఎందుకు సెప్పలేదే?"

"సెప్తే నువ్వేటి సేస్తావో నాకు తెల్దా? ఆ డబ్బు అన్న మొకాన కొడతావు. అన్న మళ్ళీ నా గడప తొక్కడు." చేట మళ్ళీ అందుకుంది. "ఆడు మొదట్నుంచీ అంతే. మన పెళ్ళిలో ఏటయ్యింది? పెరుగు అయిపోనాది. పెళ్ళికొడుకు ఇస్తరి కాడ నిలబడి లేదని సెప్పలేక, కాళీ బకెట్టు ఊపుకుంటా ఎల్లిపోనాడు. అవతల కొట్టు గదిలో కూకుని ఏడిసాడు. నువ్వు దాన్ని ఇరవై ఆరేళ్ళబట్టి మోస్తన్నావు."

ఇది నాకు ఎవరూ చెప్పలేదు. ఇది కూడా.

ఆ రోజే బావకి ఫోన్ చేశాను. మొదట ఎత్తాడు.

"నీ జీతం కోశారంట కదా బావా."

"ఎవులు సెప్పారు?"

"ఎవులైతేనేటి. కోశారా లేదా?"

"కోతా లేదు, ఏటీ లేదు. మిషను నడుస్తందా? ఐసు పల్సగా వస్తందా?"

"ఐసు బాగా వస్తంది. ఆ కాయితం పంపు."

"మా సెల్లి బాగున్నాదా?" అన్నాడు. నేను మళ్ళీ కాగితం అన్నాను. లైను తెగిపోయింది. ఆ తర్వాత నా నంబరు చూస్తే ఎత్తడం లేదు. చెల్లెలి ఫోన్ ఎత్తుతాడు. పక్కన నా గొంతు వినపడితే సింగపూరులో సిగ్నల్ పోతుంది.

ఏజెంటు దగ్గరికి నాలుగోసారి వెళ్ళాను. ఈసారి వాడు ఏమనుకున్నాడో కుర్చీ వేశాడు. విషయం చెబితే విని, అప్పీలుకి అరవై రోజులు గడువని చెప్పాడు. కొత్తగా టైపు చేయించిన బిల్లు చెల్లదు. సరుకు వచ్చిన రోజుకే ఉన్న కాగితం కావాలి. మీ బావగారి దగ్గర జీతం కోత చీటీ గాని, కంపెనీ ఆయన పేరున రాసిన కిరాయి బిల్లు గాని ఉంటే అదే ఆధారం. దాంతోపాటు మీరు మొదట రాసిచ్చింది పొరపాటని కూడా రాయాలి అన్నాడు.

రాసింది తప్పని నేను పుట్టి ఇంతవరకు ఎక్కడా ఒప్పుకోలేదు. బస్‌స్టాండులో బల్ల మీద కూర్చుని రాశాను. "కిరాయి ఎవరూ చెల్లించలేదని నేను ఇచ్చిన వాంగ్మూలం తప్పు. నా భార్య అన్నగారు చెల్లించినారు. ఆ సంగతి నాకు తెలియదు." అంకె దగ్గర ఖాళీ వదిలాను. ఆ ఖాళీ నింపగలిగిన మనిషి భూమ్మీద ఒక్కడే.

అది నింపకపోతే డబ్బు పోతుంది. పోనీ. అంతకంటే పెద్ద చిక్కు ఇంకొకటుంది. బావ పెట్టిన కిరాయి లెక్కలోకి రాదు. ఎవరూ కట్టలేదని నేను రాసిన అబద్ధమే సర్కారు కాగితాల్లో నిలిచిపోతుంది. మూడు నెలలు జీతం తెగ్గోయించుకున్న మనిషి పేరు ఎక్కడా ఉండదు. దీన్ని నేను మరిచిపోలేను. నా జబ్బు అందరికీ తెలిసిందే.

బావా, కౌంటర్లనీ ఆఫీసర్లనీ అడగడం మానేశాను. ఇప్పుడు నిన్నే అడుగుతున్నాను. మా ఆవిడ తన ఫోన్‌కి వచ్చే తెలుగు కాగితాలన్నీ నీకు పంపి చదివించుకుంటుందని తెలుసు. ఇదీ చదువుతావు. నీకు ఒక్క రూపాయి పంపను, నీ చెల్లి మీద ఒట్టు. సారె సారెగానే ఉంటుంది. పెరుగు మాట ఇంక నా నోట రాదు. ఆ ఆఫీసరు అడిగిన ప్రశ్నే నాదీ. కిరాయి ఎవరు కట్టారు? ఎంత? గడువు ఇంకా పదకొండు రోజులుంది. ఆ చీటీ ఫొటో తీసి పంపు. పంపలేకపోతే అంకె నోటితో చెప్పు. నాకు జవాబు చెప్పాల్సింది ఇప్పుడు నువ్వు ఒక్కడివే. ఫోనెత్తు.